ఇంగ్లండ్‌లో మీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బును ఎంచుకోవడం, ఓడినా దానితోనే ఉండటం ఎలా

చదువు కోసమో ఉద్యోగం కోసమో ఇంగ్లండ్ చేరిన తెలుగువారిలో ఫుట్‌బాల్ మీద ఆసక్తి ఉన్నవారికి సాధారణంగా ఒక జట్టు ముందే ఉంటుంది. ఇంటి దగ్గర టీవీలో చూస్తూ అభిమానించిన మాంచెస్టర్ యునైటెడో, లివర్‌పూలో, ఆర్సెనలో అయి ఉంటుంది. ఆఫీసులో ఎవరైనా మీది ఏ జట్టని అడిగితే ఆ పేరే చెబుతారు. అడిగినవారు మర్యాదగా తల ఊపి, మరి మీరు ఉండేది కావెంట్రీలో కదా అంటారు. ఆ జట్టును వదులుకోమని ఈ వ్యాసం చెప్పదు. మీరు అద్దెకున్న ఊళ్లో కూడా ఇంచుమించు రెండు వారాలకొకసారి ఆట జరిగే మైదానం ఒకటి ఉంటుంది, అందులో అడుగుపెట్టడానికీ, పెట్టాక అక్కడివారిలో ఒకరిగా ఉండిపోవడానికీ కొంత పద్ధతి ఉంది. ఇక్కడ చెప్పేది ఆ పద్ధతి గురించే.

ఇక్కడివారు ఎందుకు అలా ఉంటారు

ఇక్కడ పుట్టి పెరిగిన అభిమానిని ఆ క్లబ్బునే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే సూటిగా జవాబు రాదు, ఎందుకంటే చాలామంది విషయంలో ఎంపిక అనేదే జరగలేదు. ఆరేడేళ్ల వయసులో తండ్రో తాతో మేనమామో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు, అదే స్టాండులో అదే వరుసలో కూర్చోబెట్టారు, ముందు వరుసలోని పెద్దాయన పేరు తెలియకపోయినా ఆయన దగ్గు కూడా గుర్తుపట్టేంత కాలం అక్కడే గడిచింది. గెలుపుకు ఇందులో ఉన్న పాత్ర చాలా తక్కువ. ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో 24 చొప్పున 72 క్లబ్బులు, మొత్తం 92 ఉంటే, ఏటా తమ లీగును గెలిచేవి నాలుగే. మరికొన్ని పై లీగుకు ఎక్కుతాయి, కొన్ని కిందికి పడతాయి, మిగిలినవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. గెలుపే మనుషులను మైదానానికి రప్పించేదయితే ఈ 92 స్టేడియంలలో చాలా వాటికి ఏనాడో తాళాలు పడేవి.

సండర్‌లండ్ సంగతి చూడండి. 2017లో ప్రీమియర్ లీగ్ నుంచి, మరుసటి ఏడాదే ఛాంపియన్‌షిప్ నుంచి పడిపోయి మూడో శ్రేణిలో నాలుగు సీజన్లు గడిపిన ఆ క్లబ్బు ఆటను చూడటానికి, అక్కడి మొదటి సీజన్‌లో సగటున 30 వేల మందికి పైగా వచ్చారు. ఆ క్లబ్బు 2025లో మళ్లీ ప్రీమియర్ లీగ్‌కు చేరింది కానీ, ఆ నాలుగేళ్లూ వచ్చినవారికి అలా జరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. వారు వచ్చింది శనివారం మధ్యాహ్నం వెళ్లే చోటు అదే కాబట్టి, తమ వాళ్లందరూ ఉండేది అక్కడే కాబట్టి. కొత్తగా వచ్చిన మనకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన తాత లేడు. ఆ అలవాటును పెద్దయ్యాక మనమే కావాలని చేసుకోవాలి. కింద చెప్పే సూచనలన్నీ అందుకోసమే.

ఎంపిక: దూరం చూడండి, పట్టిక చూడకండి

నడిచి వెళ్లగలిగిన మైదానం ఏదో చూడండి; నడిచేంత దగ్గరలో లేకపోతే ఒకే బస్సులో వెళ్లగలిగినది చూడండి. ఆ క్లబ్బు ఏ లీగులో ఉందన్నది తరువాతి విషయం. రెండు రైళ్లు మారి వెళ్లాల్సిన పెద్ద క్లబ్బుకు ఏడాదికి రెండుసార్లు వెళ్లడం విహారయాత్ర అవుతుంది తప్ప అలవాటు కాదు. వానలో, చలిలో, జట్టు వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడాక, మంగళవారం రాత్రి కూడా వెళ్లగలగాలంటే దూరం తక్కువగా ఉండి తీరాలి.

ఊళ్లో రెండు క్లబ్బులుంటే చిక్కు వస్తుంది. నాటింగ్‌హామ్‌లో ట్రెంట్ నదికి ఒక గట్టున నాటింగ్‌హామ్ ఫారెస్ట్, రెండో గట్టున నాట్స్ కౌంటీ, కొద్ది నిమిషాల నడక దూరంలో ఉంటాయి. ఫారెస్ట్ 1979, 1980లలో యూరప్ క్లబ్బులకు అతి పెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్ గెలిచింది. 1862లో పుట్టిన నాట్స్ కౌంటీ ప్రపంచంలోని వృత్తి క్లబ్బులలో అతి పాతదిగా పేరు పొందింది. షెఫీల్డ్‌లో, బ్రిస్టల్‌లో కూడా ఇటువంటి జంటలున్నాయి. అటువంటి ఊళ్లో పక్కింటివారు ఎటు వెళ్తారో కనుక్కుని వారితో ఒకసారి వెళ్లడం ఉత్తమం. రెండు మైదానాలనూ చూసి తేల్చుకోవచ్చు, కానీ ఒక సీజన్‌లోపే తేల్చుకోవాలి. రెండింటికీ అభిమానినని చెప్పుకొంటే రెండు వైపులా నమ్మరు.

లండన్‌లో ఊరు అంటే మీ పేట. ఈస్ట్ హామ్ చుట్టుపక్కల ఉండే తెలుగువారు గ్రీన్ స్ట్రీట్‌కు సరుకులకు వెళ్తూ ఉంటారు. ఆ వీధి పక్కనే వెస్ట్ హామ్ యునైటెడ్ 1904 నుంచి 2016 వరకు ఆడింది. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్లు కట్టారు, క్లబ్బు స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒలింపిక్ స్టేడియానికి మారింది. అంత దగ్గరి దూరానికి మారినా పాత అభిమానులు కొందరు ఇప్పటికీ సమాధానపడలేదంటే, చోటుకు వారు ఇచ్చే విలువ ఎంతో గ్రహించవచ్చు.

లూటన్‌లో ఉన్నవారికి మరింత సులువు. కెనిల్‌వర్త్ రోడ్ స్టేడియం బరీ పార్క్‌లో, దక్షిణాసియా దుకాణాల మధ్యలో ఉంటుంది. ఒక స్టాండుకు వెళ్లే దారి వరుస ఇళ్ల కిందుగా, జనం బట్టలారేసుకునే పెరళ్ల మీదుగా పోతుంది. 30 పాయింట్ల కోత పడి 2009లో ఆ క్లబ్బు ఫుట్‌బాల్ లీగ్ నుంచే, అంటే పైన చెప్పిన 92 క్లబ్బుల వరుస నుంచే, కిందికి పడిపోయింది, అక్కడి నుంచి 2023లో ప్రీమియర్ లీగ్ వరకు ఎక్కింది, మళ్లీ రెండేళ్లలో రెండు లీగులు దిగింది. ఈ ఎత్తుపల్లాలన్నీ ఒకే కుర్చీలోంచి చూసినవారు అక్కడ వేలమంది ఉన్నారు.

మొదటి మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు

శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌ను ఎంచుకోండి. శనివారం 2.45 నుంచి 5.15 వరకు బ్రిటన్ టీవీలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండకూడదన్న నియమం 1960ల నుంచి కొనసాగుతోంది. కింది లీగుల క్లబ్బులకు జనం తగ్గకూడదన్నది దాని ఉద్దేశం. విజయవాడలో కూర్చుని చూడగలిగిన మూడు గంటల మ్యాచ్‌ను, అది జరిగే ఊళ్లోనే ఉన్నవారు టీవీలో చూడలేకపోవడం వింతే అయినా, ఆ వింత మీకు మేలు చేస్తుంది.

ప్రీమియర్ లీగ్ క్లబ్బులలో చాలా వాటికి ముందు సభ్యత్వం తీసుకుంటే తప్ప టికెట్ దొరకదు. ఛాంపియన్‌షిప్ నుంచి కిందికి వచ్చేకొద్దీ క్లబ్బు వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి నేరుగా కొనవచ్చు, ఐదో శ్రేణి దిగువన చాలాచోట్ల గేటు దగ్గర డబ్బు కట్టి లోపలికి వెళ్లవచ్చు. కొనేటప్పుడు సొంత జట్టు అభిమానుల స్టాండేనని చూసుకోండి, ఎందుకంటే అతిథి జట్టువారిని విడిగా కూర్చోబెడతారు. పిల్లలతో వెళ్లేవారు ఫ్యామిలీ స్టాండ్ తీసుకోవాలి. గోలు వెనుక స్టాండులో పాటలూ ఉంటాయి, బూతులూ ఉంటాయి, అక్కడ చాలామంది నిలబడే చూస్తారు. వేరే క్లబ్బు చొక్కా వేసుకుని వెళ్లకండి. అది అతిథి జట్టుదయితే లోపలికే రానివ్వకపోవచ్చు. ఆ రోజు ఆడని పెద్ద క్లబ్బుదయినా సరే, అక్కడివారికి అది చిన్నచూపుగానే కనిపిస్తుంది.

తిండి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చలిలో అందరూ పట్టుకుని తాగే బోవ్రిల్ గోమాంసపు సారంతో చేసినది; టీ అనుకుని పొరపాటున తీసుకోకండి. పై (pie) అనే, లోపల కూరిన పిండివంటలలో కూడా మాంసం ఏదో అడిగి తీసుకోవడం మంచిది. శాకాహారులకు చీజ్ అండ్ ఆనియన్ పై చాలాచోట్ల దొరుకుతుంది, గ్లోస్టర్‌షైర్‌లోని ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అయితే ఏళ్ల తరబడి పూర్తిగా వీగన్ తిండే అమ్ముతోంది. పై ఐదు లీగులలో మైదానం కనబడే చోట మద్యం తాగడం చట్టవిరుద్ధం.

మన రంగు చూసి ఎవరైనా ఏమైనా అంటారేమోనన్న సందేహం చాలామందిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది. అటువంటిది ఇప్పటికీ అసలు లేదని చెప్పలేము. జరిగితే స్టాండులో జనాన్ని చూసుకునే సిబ్బందికి, అంటే స్టీవార్డుకు, వెంటనే చెప్పాలి, క్లబ్బుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. డెర్బీ కౌంటీకి పంజాబీ రామ్స్, బ్రాడ్‌ఫర్డ్ సిటీకి బంగ్లా బాంటమ్స్ అనే దక్షిణాసియా అభిమాన సంఘాలున్నాయి. ఈ విషయంలో మనవాళ్లు వెనకబడే ఉన్నారన్నది నా అభిప్రాయం. క్రికెట్ క్లబ్బు పెట్టుకున్నంత చొరవ ఇక్కడ చూపలేదు.

నిలబడటం: విధేయత ఎవరికి

మొదటి సీజన్‌లో కుదిరినన్ని మ్యాచ్‌లకు, వీలైతే ప్రతిసారీ అదే చోటికి వెళ్లండి. రెండో ఏడాది సీజన్ టికెట్ తీసుకోండి, అంటే సొంత మైదానంలో ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే కుర్చీ. సీజన్ టికెట్ విలువ రాయితీలో కంటే చుట్టూ ఉండే మనుషులు మారకపోవడంలో ఎక్కువ ఉంటుంది. ఏడాదికి ఒక్కసారైనా బయటి ఊరి మ్యాచ్‌కు అభిమానుల బస్సులో వెళ్తే, కుర్చీల దగ్గర ఏళ్లలో కలవని చనువు ఆ ఒక్క ప్రయాణంలో కలుగుతుంది. ప్రీమియర్ లీగ్‌లో అతిథి అభిమానుల టికెట్‌కు 2016 నుంచి 30 పౌండ్ల పరిమితి ఉంది.

కొన్నేళ్లు గడిచాక అసలు పరీక్ష వస్తుంది. ఓటమి అంత పెద్ద పరీక్ష కాదు, యజమాని పెట్టేదే పెద్దది. క్లబ్బు చట్టం దృష్టిలో ఒక కంపెనీ. దాన్ని కొన్నవారు మైదానాన్ని అమ్మవచ్చు, అప్పుల్లో ముంచవచ్చు, రంగులు మార్చవచ్చు. కార్డిఫ్ సిటీ యజమాని 2012లో నీలం చొక్కాను ఎరుపుగా మారిస్తే, అది మళ్లీ నీలం కావడానికి 2015 వరకు పట్టింది. బ్లాక్‌పూల్‌లో యజమాని కుటుంబం మీద నిరసనగా వేలమంది ఏళ్ల తరబడి సొంత మైదానానికి వెళ్లడం మానేశారు. ఆ కుటుంబం చేతిలోంచి క్లబ్బు జారిపోయాక, 2019 మార్చి 9న సౌత్ఎండ్‌తో జరిగిన మ్యాచ్‌కు 15 వేల మందికి పైగా ఒక్కసారిగా తిరిగి వచ్చారు. వెళ్లకపోవడం కూడా విధేయతే కాగలదు, అయితే దాన్ని ఒంటరిగా కాక, అభిమానులే సభ్యులుగా నడుపుకునే సంఘమైన అభిమానుల ట్రస్టుతో కలిసి చేయాలి. అందుకే ఊళ్లో ట్రస్టు ఉంటే సీజన్ టికెట్ కంటే ముందే దాని సభ్యత్వం తీసుకోండి. రుసుము చాలా తక్కువ.

వింబుల్డన్ కథ తెలిస్తే ఇదంతా స్పష్టమవుతుంది. 1889లో పుట్టి, 1977లో గానీ ఫుట్‌బాల్ లీగ్‌లోకి రాని ఆ క్లబ్బు 1988లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్ఏ) నడిపే ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. 1991లో సొంత మైదానం ప్లౌ లేన్‌ను వదిలి క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో తలదాచుకుంది. 2002 మే 28న ఎఫ్ఏ నియమించిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 తేడాతో, క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇచ్చింది. అభిమానులు వింబుల్డన్‌లో క్లబ్బును మళ్లీ స్థాపించడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు తగదని కూడా ఆ నివేదికలో రాసింది. అభిమానులు సరిగ్గా అదే చేశారు. కొద్ది వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను స్థాపించి, ఊరి బహిరంగ మైదానంలో ఆటగాళ్లకు ట్రయల్స్ పెట్టి, స్థానిక లీగ్‌లో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో ఐదు ప్రమోషన్లతో 2011లో ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. 2020 నవంబరులో ప్లౌ లేన్‌కు, పాత చోటికి కూతవేటు దూరంలో కట్టుకున్న కొత్త స్టేడియానికి తిరిగి వచ్చారు. క్లబ్బు ఇప్పటికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది. ఆటగాళ్లు, లీగ్ స్థానం, చట్టబద్ధమైన కంపెనీ అన్నీ మిల్టన్ కీన్స్‌కు వెళ్లినా, అభిమానుల దృష్టిలో క్లబ్బు వింబుల్డన్‌లోనే ఉండిపోయింది.

ఈ బాధ హైదరాబాదీలకు కొత్త కాదు. 2019లో పుణె సిటీ క్లబ్బు స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటవుట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేత అయింది. 2025లో అదే క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. పుణె నుంచి తెచ్చుకున్నప్పుడు మనం పుణెవారి గురించి ఆలోచించామా అన్న ప్రశ్న కూడా ఇక్కడ తప్పదు. ఇంగ్లండ్‌లో 2025లో వచ్చిన ఫుట్‌బాల్ పాలన చట్టం, క్లబ్బు మైదానం వదిలి వెళ్లాలంటే స్వతంత్ర నియంత్రణ సంస్థ ఆమోదం పొందాలంటోంది.

ఇక మిల్టన్ కీన్స్‌లో నివసించే తెలుగువారు ఏం చేయాలి? దూరం నియమం ప్రకారం వారి క్లబ్బు ఎంకే డాన్స్, అంటే వింబుల్డన్ నుంచి తరలి వచ్చినదే. ఆ క్లబ్బును ఈసడించే అభిమానులు దేశమంతటా ఉన్నారు. అయినా ఆ ఊళ్లో పుట్టి, ఆరేళ్ల వయసులో ఆ స్టాండుకు వెళ్లిన పిల్లవాడికి 2002తో సంబంధం లేదు, అతనికున్న ఊరి క్లబ్బు అదొక్కటే. నా లెక్కలో మీరు కూడా అక్కడికే వెళ్లాలి. అయితే ఆ చరిత్ర తెలుసుకుని వెళ్లాలి, వింబుల్డన్‌వారు ఎదురైతే వాదన పెట్టుకోకూడదు.

ఊరు మారితే పాత క్లబ్బును వదలనక్కర లేదు. మొదటి క్లబ్బు ఫలితాన్ని ఫోన్‌లో చూసుకుంటూ కొత్త ఊరి మైదానానికి వెళ్లేవారు చాలామంది ఉన్నారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆ రెండూ తలపడిన రోజున మాత్రం మొదటిదానివైపే ఉండాలి. పిల్లల విషయం వేరు. వారికి మీ టీవీ జట్టును అంటగట్టకుండా ఊరి మైదానానికి తీసుకెళ్లండి. చాలా క్లబ్బులు పెద్దల సీజన్ టికెట్‌తో పాటు చిన్నపిల్లలకు ఉచితంగానో, నామమాత్రపు ధరకో ఇస్తాయి. సాధారణంగా వసంతకాలంలో, ఇంకా పాత సీజన్ ముగియకముందే, ముందస్తు ధరకు అమ్మకం మొదలుపెడతాయి. ఆ గడువు దాటితే ధర పెరుగుతుంది, ఇద్దరు పిల్లలకు పక్కపక్కన కుర్చీలు దొరకడం కష్టమవుతుంది.