ఈసారి చలి ఎలా ఉంటుందో మనమే అంచనా వేసుకోవడం ఎలా

అక్టోబర్ వచ్చిందంటే చాలు "ఈసారి రికార్డు చలి" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు మొదలైపోతాయి. వాటిని పక్కన పెట్టి కింద చెప్పినవి చూసుకోండి, మీ ఊరికి మీరే చెప్పేయొచ్చు.

ముందు నైరుతి రుతుపవనాలు వెళ్లాయా లేదా చూడండి. తెలంగాణ నుంచి మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా వెళ్లిపోతాయి, ఆ తర్వాత ఆకాశం తేటపడి గాలిలో తేమ తగ్గితే పగలు పీల్చుకున్న వేడి రాత్రికి నేల నుంచి పైకి పోతుంది, అందుకే తెల్లవారుజామున చలి పెడుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు మాత్రం అప్పుడే ఈశాన్య వానలు మొదలవుతాయి, కాబట్టి ఆదిలాబాద్‌లో స్వెటర్లు తీసే టైమ్‌కి అక్కడ గొడుగులు తీస్తారు.

రెండోది బంగాళాఖాతం, చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. అల్పపీడనం పట్టి రెండ్రోజులు ముసురు ఉంటే పగలు వణికిస్తుంది, చలికాలం వచ్చేసిందనుకుంటాం, కానీ మబ్బు దుప్పటిలా కప్పేస్తుంది కాబట్టి రాత్రి ఉష్ణోగ్రత పెద్దగా పడదు. అది వెళ్లిపోయి మబ్బు విడిపోయి ఉత్తరం గాలి తిరిగిందంటే అప్పుడు చూడండి అసలు చలి. 2025లో మొంథా తుపాను అక్టోబర్ 28న నరసాపురం దగ్గర తీరం దాటింది, 2023లో మిచాంగ్ తుపాను అయితే డిసెంబర్ 5న బాపట్ల దగ్గర, అంటే డిసెంబర్‌లో కూడా సముద్రం వైపు ఒక కన్ను వేసి ఉంచాల్సిందే.

నవంబర్ ఆఖర్లో వాతావరణ శాఖ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అంచనా మ్యాప్ ఇస్తుంది. అందులో కనిష్ఠ ఉష్ణోగ్రత మ్యాప్ చూడండి, గరిష్ఠం కాదు. అది మూడు నెలల సగటు మీద చెప్పేది, మ్యాప్‌లో మామూలు కంటే వెచ్చగా అని ఉన్నా మధ్యలో వారం పాటు గట్టి చలిగాలులు రావచ్చు. లా నినా (పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాల్లో నీళ్లు మామూలు కంటే చల్లబడటం) ఉంటే చలి కాస్త ఎక్కువ ఉండే అవకాశం, ఎల్ నినో (అవే నీళ్లు వేడెక్కడం) అయితే తక్కువ, అంతవరకే, ఫలానా రోజు ఇంత ఉంటుందని దాన్నిబట్టి ఎవరూ చెప్పలేరు.

ఇక రోజువారీ చూసేటప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా తక్కువ ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా పడిపోతే దాన్ని శీతల గాలులు అంటారు. హైదరాబాద్ వాళ్లు బేగంపేట వాతావరణ కేంద్రం నంబర్ చూసి ఊరుకోవద్దు, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు రాత్రిళ్లు అంతకంటే చల్లగా ఉంటాయి. లంబసింగి, అరకు వెళ్లేవాళ్లు వైజాగ్ నంబర్ చూసి బట్టలు సర్దుకుంటే కష్టపడతారు.

యాసంగి నారు పోసే రైతన్నలకి ఇది ఇంకా ముఖ్యం. కనిష్ఠం బాగా పడిపోతుందని తెలిస్తే సాయంత్రమే నారుమడి మీద పాలిథిన్ షీట్ కప్పి పొద్దున తీసేయండి, మడిలో రాత్రి చల్లబడ్డ నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టండి, లేకపోతే నారు ఎదగకుండా పసుపు రంగుకి తిరుగుతుంది.