ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్‌కి మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం

తాగుడు మానాలని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? రెండు గుక్కలు పడితే గానీ వణుకు ఆగడం లేదా? అయితే ముందు డాక్టరు, తర్వాతే మీటింగ్. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా మందు ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి ఉన్నట్టు కనబడవచ్చు, ప్రాణం మీదకే రావచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. మీకు దగ్గర్లోని పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటే అక్కడికైనా వెళ్లండి. రోజుకి ఎంత తాగుతున్నారో తగ్గించి చెప్పకండి.

మీటింగ్ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, కూర్చుని మాట్లాడుకోవడంతో ఇది మొదలైంది. ఇవాళ్టికీ జరిగేది అదే. తాగి మానినవాడు మానాలనుకునేవాడితో మాట్లాడతాడు. ఫీజు లేదు, ఆధార్ అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీటింగుల వివరాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి చేసినా దారి చెబుతారు, అది టోల్‌ఫ్రీ. గ్రూపువాళ్లతో మాట్లాడేటప్పుడు తెలుగులో జరుగుతుందా అని అడగండి. జంట నగరాల్లో ఇంగ్లీషు, హిందీ మీటింగులు కూడా ఉంటాయి. అర్థంకాని భాషలో గంట కూర్చుంటే రెండోసారి వెళ్లబుద్ధి కాదు. ఆడవాళ్లయితే మహిళా మెంబర్ నంబరు ఇమ్మనండి. మీ ఊళ్లో గ్రూపు లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి, కెమెరా ఆపేసి వినవచ్చు.

చాలా గ్రూపులు చర్చి ఆవరణలోనో స్కూలు గదిలోనో నడుస్తాయి. చర్చి గేటు చూసి మతం మార్పిస్తారేమోనని వెనక్కి తిరిగినవాళ్లు నాకు తెలుసు. అక్కడ గది దొరికింది, అంతే. మీటింగులో చెప్పుకునే ప్రార్థనలో దేవుడంటే ఎవరికి తోచిన దేవుడు వాళ్లకి. నమ్మనివాళ్లూ కూర్చుంటారు.

నాకు గట్టి నమ్మకం ఒకటుంది. మీటింగ్‌ని దూరం చూసి కాదు, టైము చూసి ఎంచుకోండి. నాది రాణీగంజ్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. షట్టర్ దించే వేళకి నాలుక లాగేది, కాళ్లు వాటంతటవే వైన్ షాపు వైపు నడిచేవి. అదే వేళకి మీటింగులో కూర్చుంటే బయటికొచ్చేసరికి ఆకలేస్తుంది, ఇల్లు గుర్తొస్తుంది. మీకు లాగే గంట ఏదో మీకే తెలుసు. ఆ గంటకి ఏ గ్రూపు ఉంటే దానికి వెళ్లండి, రెండు బస్సులు మారాల్సొచ్చినా సరే.

మొదటి రోజు పది నిమిషాలు ముందే చేరండి. ఒక్కొక్కరూ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ కథ చెబుతారు. దీన్నే షేరింగ్ అంటారు. పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టినవాడు ఆ సంగతి మామూలు గొంతుతో చెబుతుంటే ఎవరూ తల తిప్పుకోరు, మధ్యలో సలహా ఇవ్వరు. మీ వంతు వస్తే "ఇవాళ వింటాను" అంటే చాలు. చివర డబ్బుల సంచి తిప్పుతారు, అది గది అద్దెకి, టీకి. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. అక్కడ విన్నది, చూసినవాళ్ల పేర్లు బయట చెప్పకూడదు. మీ సంగతీ వాళ్లు చెప్పరు.

అయిపోగానే లేచి వచ్చేయకండి. టీ దగ్గర నిలబడి కనీసం ఇద్దరి నంబర్లు తీసుకోండి. తాగాలనిపించినప్పుడు చేయాలి ఫోన్, తాగిన తర్వాత కాదు.

"అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టను, నాకెందుకు మీటింగులు?" అనేవాళ్లు మనలో చాలామంది. మాల తీసిన సాయంత్రం ఏమవుతోంది? ఆ 41 రోజులు నిలబెట్టింది ఒక్క మొండితనం కాదు. తెల్లవారుజామున స్నానం, పక్కన తోటి స్వాములు, సాయంత్రం భజన, ఎప్పుడు పిలిచినా పలికే గురుస్వామి. అవే ఏడాది పొడవునా ఉండాలంటే మీటింగు కావాలి, స్పాన్సర్ కావాలి. స్పాన్సర్ అంటే మీకన్నా ముందు మానేసి, మిమ్మల్ని వెంటబెట్టుకుని నడిపించే మనిషి. కొన్నాళ్లు విన్నాక ఎవరి మాట మనసుకి పడుతుందో వాళ్లని మీరే అడగండి.

ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. మధ్యలో మళ్లీ తాగితే మర్నాడే వెళ్లండి. తిట్టరు, కుర్చీ చూపిస్తారు.

ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, తాగే మనిషి మానినా మానకపోయినా వెళ్లవచ్చు. తల్లులకీ భార్యలకీ ఒక్క మాట: ఆయనకి తెలియకుండా కూరలో కలిపే తాగుడు మాన్పించే మందు జోలికి మాత్రం పోవద్దమ్మా. అది ఒంట్లో ఉండగా తాగితే గుండెకే ప్రమాదం. ఏ మాత్రైనా డాక్టరు రాయాలి, ఆయనకి చెప్పే ఇవ్వాలి.