స్వాబ్ ఇచ్చే ముందే: నర్సింగ్ కాలేజీల్లో మూలకణ దాతల శిబిరానికి జాగ్రత్తలు

కాలేజీలో మూలకణ దాతల, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలను రోగులకు ఇచ్చేవాళ్ల నమోదు శిబిరం పెడుతున్నారా? అయితే ముందు రోజే ఒక క్లాసు తీసుకోండి. ఫ్రెండ్ ఇచ్చిందనో, మేడం చూస్తున్నారనో ఇచ్చే స్వాబ్ (చెంప లోపల దూదితో తీసే నమూనా) వద్దు. హాజరుతో, మార్కులతో అసలు ముడిపెట్టొద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మూలకణాల మార్పిడికి కొద్ది రోజుల ముందు నుంచే రోగికి భారీ కీమో ఇచ్చి, సొంత మూలుగ (ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే భాగం) పనిచేయకుండా చేస్తారు. అప్పుడు దాత "మా ఇంట్లో వద్దంటున్నారండీ" అంటే రోగి ప్రాణం మీదికి వస్తుంది. మానుకునే హక్కు దాతకు చివరిదాకా ఉంటుంది. అందుకే అనుమానం ఉంటే నమోదుకు ముందే ఆగిపోమని పిల్లలకు చెప్పండి, అందులో తప్పేమీ లేదు. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడి రమ్మనండి. రోగికి సొంత తోబుట్టువు ఒకరితో కూడా హెచ్‌ఎల్‌ఏ (దాత కణాలు రోగికి సరిపోతాయో లేదో చూసే కణజాల గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. అలా కలవని రోగులు దాత్రి లాంటి దాతల రిజిస్ట్రీలో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి మీదే ఆశ పెట్టుకుంటారు.

వెన్నెముకలో సూది గుచ్చుతారనే భయం నర్సింగ్ విద్యార్థుల్లోనూ ఉంటుంది. అది నిజం కాదు. ఎక్కువ మంది రక్తం నుంచే మూలకణాలు ఇస్తారు. మూలుగే కావాల్సి వస్తే మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు.

శిబిరం రోజు స్వాబ్‌కు అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. దూది కొనను వేళ్లతో తాకకుండా చెంప లోపల రుద్దాలి. బార్‌కోడ్ స్టిక్కర్లు ఎవరివి వాళ్ల ఫారం మీదే పడేలా చూడండి. హడావుడిలో తారుమారైతే ఒకరి కణాలు ఇంకొకరి పేరు మీద నమోదవుతాయి. కోర్సు అయ్యాక నంబరు మారితే రిజిస్ట్రీకి చెప్పాలి. ఫోను కలవక దాత దొరకకపోవడం కన్నా బాధ ఏముంటుంది?

మ్యాచ్ వచ్చి, వైద్య పరీక్షలన్నీ సరిపోతే, మూలకణాలు రక్తంలోకి రావడానికి దాదాపు 5 రోజులు జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తారు. నడుము, ఎముకలు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. పారాసిటమాల్ సరిపోతుంది కానీ, డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ వేసుకోవద్దు. ఎడమ పక్కటెముకల కింద నొప్పి వస్తే ప్లీహం ఉబ్బి ఉండొచ్చు, వెంటనే చెప్పాలి. రక్తం నుంచి మూలకణాలను వేరు చేసే అఫెరెసిస్ మెషీన్ దగ్గర 4 నుంచి 6 గంటలు పడుతుంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలైతే అది సిట్రేట్ (మెషీన్‌లో రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు) వల్ల కాల్షియం తగ్గడమే. ఓర్చుకుంటూ కూర్చోకుండా పక్కనున్న సిస్టర్‌కు చెప్పాలి, కాల్షియం ఇస్తారు.