స్నానం నీళ్లు కాలుస్తుంటే: సమస్య - పరిష్కారం

పెద్దవాళ్ల స్నానానికి 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, పసిపిల్లలకు 37 - 38 చాలు. గీజర్ తొట్టిలో నీళ్లు సాధారణంగా 60 దగ్గర ఉంటాయి. ఆ వేడికి పెద్దవాళ్ల చర్మం ఐదారు సెకన్లలో లోతుగా కాలుతుంది, పిల్లలది ఇంకా త్వరగా. 50 దగ్గరైతే కొన్ని నిమిషాలు పడుతుంది.

చేయి పెట్టి చూస్తే బాగానే ఉన్నాయి, పోస్తే బిడ్డ కెవ్వుమంది

తప్పు చేతిదే. అరచేతి చర్మం మందం. రోజూ వేడి గిన్నెలు దించే చేయి మరీ మొద్దుబారి ఉంటుంది. నీళ్లను అడుగుదాకా బాగా కలిపి, మోచేతితో చూడండి. వేడి నీళ్లు పైకి తేలతాయి కాబట్టి కలపకుండా చూడటం దండగ. హీటర్ రాడ్ వాడేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లను ముట్టుకోవాలి.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు గానీ, బకెట్‌లో మాత్రం ముందు చన్నీళ్లే పట్టాలి. మసిలే బకెట్‌ను నేల మీద పెట్టి చన్నీళ్ల కోసం వెళ్లిన ఆ అర నిమిషంలోనే పాకే పిల్లలు అందులో చేయి పెడతారు. లెక్క కూడా తేలికే: చలికాలంలో కుళాయి నీళ్లు 20 డిగ్రీలుంటే 60 డిగ్రీల నీళ్లు సగానికి సగం, ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు 30 ఉంటే మూడో వంతు. రెండు లెక్కల్లోనూ వచ్చేది 40. పసివాళ్లకైతే ఇంకాస్త చన్నీళ్లు కలపాలి.

షవర్ కింద ఉండగా ఉన్నట్టుండి కాలుతోంది

వంటింట్లో ఎవరో కుళాయి తిప్పారు. చన్నీళ్ల ధార తగ్గింది. చిన్న ఇన్‌స్టెంట్ గీజర్‌లో అయితే ధార సన్నబడిన కొద్దీ నీళ్లు ఇంకా కాగుతాయి. బకెట్‌లో పట్టుకుని పోసుకోవడమే సులువు. షవరే కావాలంటే వేడిని అదుపు చేసే మిక్సింగ్ వాల్వ్ పెట్టించండి. భయపడి పెద్ద గీజర్‌ను 45కు తగ్గించి ఏళ్ల తరబడి వదిలేయడం నాకు నచ్చదు: ఆ గోరువెచ్చని నిల్వ నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. తొట్టిలో 60 ఉంచి, బయట కలుపుకోవాలి.

కాలలేదు గానీ కళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లు దురద

వేడికి రక్తనాళాలు విప్పారి బీపీ పడిపోతుంది. చర్మంలోని నూనె కూడా పోతుంది. వేడి తగ్గించి, త్వరగా ముగించండి. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారు కాళ్లు వేడి నీళ్లలో పెట్టే ముందు ఇంకొకరి మోచేతితో చూపించుకోవాలి.

గ్యాస్ గీజర్ ఉన్న స్నానాలగదిలో తలనొప్పి, కళ్లు తిరగడం వస్తే అది వేరే సంగతి. గ్యాస్ సరిగా మండనప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వెంటనే బయటికి వచ్చి గాలి పీల్చుకోండి, వైద్యుడికి చూపించుకోండి. ఆ గీజర్‌ను గది బయట బిగించేదాకా వాడకండి.

ఇప్పటికే కాలింది

తడి బట్టలు, గాజులు, కాళ్ల పట్టీలు వాపు రాకముందే తీసేయండి. అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకండి. కాలిన చోట 20 నిమిషాలు చన్నీళ్ల కుళాయి ధార పడనివ్వండి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు ఏదీ వద్దు. ఆపై శుభ్రమైన బట్ట వదులుగా కప్పండి. బొబ్బలు లేచినా, ముఖం కాలినా, కాలింది పసిబిడ్డకైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి.