పత్రికను లెక్కపెట్టి పాఠకుడి గురించి చెప్పకండి: మాధ్యమ పరిశోధనకు పద్ధతిని ఎంచుకునే తీరు

చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న తెలుగు విద్యార్థులు పరిశోధన ప్రతిపాదన పట్టుకొని వచ్చినప్పుడు, వారిలో చాలామంది మొదటి పేజీలోనే ‘సర్వే పద్ధతి’ అని రాసుకొని వస్తారు. ఏ ప్రశ్నకు సమాధానం కావాలో మాత్రం మూడో పేజీ తిప్పితే గానీ తెలియదు. సంబంధం కుదరకముందే కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టినట్టుంటుంది ఈ వరస. ఏ పద్ధతికైనా బలం, బలహీనత అనేవి ప్రశ్నను బట్టి ఏర్పడతాయి. ఒక ప్రశ్నకు ఎంతో బాగా పనికొచ్చిన పద్ధతే పక్క ప్రశ్నకు ఎందుకూ కొరగాకుండా పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలుగు దినపత్రిక చెన్నై ఎడిషన్ మీద పరిశోధన చేయాలనుకున్నారు. అక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. నగరంలోని తెలుగువారి గురించి ఆ పత్రిక ఏం రాస్తోంది? ఆ విధంగానే ఎందుకు రాస్తోంది? చదివినవారు దాన్ని ఎలా తీసుకుంటున్నారు? మొదటిది రాతకు సంబంధించినది, రెండోది రాసేవారికి, మూడోది చదివేవారికి. మౌఖిక పరీక్షలో దెబ్బతినే థీసిస్‌లలో నేను తరచుగా చూసే లోపం ఏమిటంటే, మొదటి ప్రశ్నకు సమాచారం సేకరించి మూడో ప్రశ్నకు తీర్పు చెప్పడం. ‘పత్రికలో నేరవార్తలు ఎక్కువ, కాబట్టి పాఠకులు భయపడుతున్నారు’ అన్న వాక్యంలో ‘కాబట్టి’కి ఆధారం ఎక్కడా ఉండదు.

రాతను లెక్కపెట్టడం

ప్రశ్న రాత గురించే అయితే విషయ విశ్లేషణ సరైన పద్ధతి. 1952లో బెర్నార్డ్ బెరెల్సన్ దీన్ని నిర్వచిస్తూ, పైకి కనిపించే విషయాన్ని నిష్పాక్షికంగా, క్రమబద్ధంగా, అంకెల్లో వర్ణించడం అన్నారు. ‘పైకి కనిపించే’ అన్న మాటలోనే దీని బలం, దీని పరిమితి రెండూ ఉన్నాయి. లెక్క ఎవరైనా మళ్లీ వేసి సరిచూడవచ్చు. వెటకారాన్నీ, సూచననూ, కావాలని వదిలేసిన వార్తనూ మాత్రం ఆ లెక్క పట్టుకోలేదు.

సంచికల ఎంపికతో పని మొదలుపెట్టండి. వరసగా ఒక నెల పత్రికలు తీసుకోవడం సులువే గానీ, ఆ నెలలో ఉగాది వచ్చిందంటే తెలుగు సంఘాల వార్తలు ఒక్కసారిగా పొంగిపోయి ఏడాది చిత్రమంతా తప్పుతుంది. పైగా శుక్రవారం సినిమా వార్తలు, ఆదివారం అనుబంధం ఏ రోజు సంచికను ఆ రోజుకే ప్రత్యేకం చేస్తాయి. ఇందుకు విరుగుడుగా వారాన్ని మనమే కూర్చుకుంటాం: ఏడాదిలోని సోమవారాలన్నింటిలో చీటీ తీసి రెండింటిని, మంగళవారాలన్నింటిలో రెండింటిని, ఇలా ఆదివారం వరకూ తీస్తే రెండు వారాలకు సరిపడా 14 సంచికలు వస్తాయి. ఒక దినపత్రిక ఏడాది వార్తలను అంచనా కట్టడానికి ఇలా కూర్చిన రెండు వారాలు సరిపోతాయని, ఆరు నెలల సంచికల మీద పరీక్ష చేసిన డేనియల్ రిఫ్ బృందం 1993లో సూచించింది. అరుదైన ఘటనల మీద పరిశోధనకు మాత్రం ఈ 14 సంచికలు చాలవు.

అసలు కష్టం కోడింగ్‌లో, అంటే ప్రతి వార్తనూ చదివి ఏదో ఒక వర్గంలో వేయడంలో ఉంటుంది. ‘తెలుగువారికి సంబంధించిన వార్త’ అని నిర్వచనంలో రాసుకోవడం తేలికే. చెన్నై నుంచి తిరుమలకు బయలుదేరే గొడుగుల ఊరేగింపు తెలుగు వార్తా, నగర వార్తా? కండలేరు నుంచి పూండి జలాశయానికి తెలుగుగంగ నీరు వచ్చిందన్న వార్తను ఏ గడిలో వేస్తారు? ఇలాంటి పది సందేహాలను ముందే తేల్చి కాగితం మీద పెట్టకపోతే, మార్చిలో ఒక రకంగానూ ఏప్రిల్‌లో మరో రకంగానూ కోడ్ చేస్తారు. ఆ సంగతి మీకే తెలియదు.

అందుకే ఇంకొకరి చేత కూడా కోడ్ చేయించాలి. ఇక్కడ శాతాలు చూసి మురిసిపోకూడదు. 100 వార్తల్లో ఇద్దరూ తలా 90 వార్తలకు ‘సంబంధం లేదు’ అని రాశారనుకోండి. 90 వార్తల్లో ఇద్దరి తీర్పూ కలిసింది. తొంభై శాతం పొత్తు కుదిరిందని అనిపిస్తుంది. అయితే ఆ ఇద్దరూ వార్త చదవకుండా, కళ్లు మూసుకొని అదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా 82 చోట్ల తీర్పులు కలుస్తాయి, ఎలాగంటే 0.9ని 0.9తో, 0.1ని 0.1తో హెచ్చించి కూడితే వచ్చేది 0.82. అలా కాకతాళీయంగా కలిసే భాగాన్ని తీసేసి జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా లెక్క కడితే విలువ 0.44 మాత్రమే తేలుతుంది. క్లాస్ క్రిపెన్‌డార్ఫ్ ఇలాంటి పొత్తునే కొలిచే తన ఆల్ఫా కొలతకు 0.80ని కోరదగిన హద్దుగానూ, తాత్కాలిక నిర్ధారణలకు 0.667ను కనీస హద్దుగానూ చెప్పారు. మీ సంఖ్య అంతకు దిగువన ఉంటే నిర్వచనాలు తిరగరాయండి. స్నేహితుణ్ణి ‘ఈసారి నాలాగే వెయ్యి’ అని బతిమాలడం పరిష్కారం కాదు.

మనుషులను అడగడం

చదివేవారి గురించి తెలుసుకోవాలంటే సర్వే మొదట తడుతుంది. యాదృచ్ఛికంగా ఎంచిన 400 మందిని అడిగితే, 95 శాతం విశ్వాస స్థాయిలో, వచ్చిన జవాబుకూ అసలు లెక్కకూ తేడా సుమారు 5 శాతం లోపల ఉంటుందన్న సూత్రాన్ని ప్రతి థీసిస్‌లోనూ చూస్తాం. ఆ సూత్రంలోని ‘యాదృచ్ఛికంగా’ అన్న మాటను మాత్రం ఎక్కువమంది మింగేస్తారు. చెన్నైలోని తెలుగువారందరి పేర్లున్న జాబితా ఎక్కడుంది? ఓటర్ల జాబితాలో మాతృభాష ఉండదు. వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిప్పి 400 జవాబులు రాబట్టినవారికి ఆ 5 శాతం హామీ వర్తించదు. జవాబుల సంఖ్య పెంచినా లాభం లేదు: 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తారని చెప్పింది, గెలిచింది రూజ్‌వెల్ట్.

ఈ తప్పు నేనూ చేశాను. నా తొలి సర్వేకు ఒక తెలుగు సంఘం ఉగాది సభలో ఒక్క పూటలో ఫారాలన్నీ నింపించుకొని, పని ఇంత తేలికా అని సంబరపడ్డాను. తీరా చూస్తే జవాబిచ్చినవారిలో ఇంచుమించు అందరూ యాభై దాటినవారే, అందరూ తెలుగు చక్కగా చదవగలిగినవారే. తెలుగు ఫారాన్ని తెలుగు సభలో పంచి, చెన్నై తెలుగువారంతా తెలుగు చదువుతారని నిరూపించబోయాను.

ఈ నగరంలో పరిశోధించేవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసింది ఇక్కడే. తరతరాలుగా ఇక్కడ స్థిరపడి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో ఇంగ్లీషో చదివి, తెలుగు లిపి రానివారు ఎందరో ఉన్నారు. వారికి తెలుగు వార్త చెవి ద్వారా, అంటే టీవీ ద్వారానో యూట్యూబ్ ద్వారానో చేరుతుంది. కాబట్టి ‘మీరు తెలుగువారా?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ లిపి చదవగలరు, నిన్న వార్తలు ఏ భాషలో విన్నారు అని మూడుగా విడదీయండి. ప్రశ్నావళిని చేతికివ్వకుండా నోటితో అడిగి మీరే నింపండి. ఇందువల్ల సమయం ఎక్కువ పడుతుంది, ఎదుటివారు కొంత మొహమాటపడతారు కూడా. అయినా లిపి రానివారంతా జారిపోవడం కంటే అది చిన్న నష్టం.

రెండో బలహీనత జ్ఞాపకానిది. ‘రోజూ ఎంతసేపు వార్తలు చూస్తారు?’ అంటే జనం పెద్దమనుషుల జవాబే చెబుతారు. అమెరికా టీవీ వార్తల విషయంలో జనం చెప్పుకున్న వీక్షణను టీవీలకు బిగించిన మీటర్ల లెక్కలతో పోల్చిన మార్కస్ ప్రయర్, సగటున మూడు రెట్లు ఎక్కువ చెప్పుకుంటున్నారని 2009లో తేల్చారు. ‘రోజూ’ బదులు ‘నిన్న సాయంత్రం’ అని అడిగితే అతిశయోక్తి కొంత తగ్గుతుంది.

రాత నుంచి పాఠకుడి దాకా

పత్రికకూ పాఠకుడికీ మధ్య ‘కాబట్టి’ అనాలంటే రెండు వైపులా సమాచారం ఉండాలి. మ్యాక్స్‌వెల్ మెకూంబ్స్, డోనాల్డ్ షా 1968లో చాపెల్ హిల్ పట్టణంలో చేసింది అదే. ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు, వారికి అందుబాటులో ఉన్న పత్రికలను, టీవీ వార్తలను విడిగా కోడ్ చేశారు, రెండు వరసలనూ పోల్చి 1972లో ప్రచురించారు. ఆ పోలికకూ ఒక లోపముంది: పత్రిక జనాన్ని అనుసరించిందా, జనం పత్రికను అనుసరించారా అన్నది ఒక్క సమయంలో తీసిన లెక్కతో తేలదు. అందుకే 1972 ఎన్నికలప్పుడు షార్లట్ నగరంలో అవే మనుషులను మళ్లీ మళ్లీ అడిగే పానెల్ అధ్యయనానికి వెళ్లారు. ఆ తర్వాత 1980ల ఆరంభంలో శాంతో అయ్యంగార్ బృందం ప్రయోగం చేసింది: కొన్ని సమస్యలకు చోటు పెంచి మార్చిన వార్తా ప్రసారాలను పాల్గొన్నవారికి వారం రోజులు చూపించి, ముందూ వెనకా వారి అభిప్రాయాలు కొలిచింది. కారణం ఏది, కార్యం ఏది అన్నది ప్రయోగం తేల్చినంత స్పష్టంగా మరే పద్ధతీ తేల్చదు. దానికి చెల్లించే మూల్యం సహజత్వం. ప్రయోగశాలలో కూర్చున్నవారి చేతిలో రిమోట్ ఉండదు, పక్కన సీరియల్ పెట్టమనే అత్తగారూ ఉండరు. ఒక ప్రశ్న ఇలా పద్ధతి నుంచి పద్ధతికి నడిచిన తీరు తెలిస్తే చాలు, ఎం.ఏ. విద్యార్థి మూడింటినీ చేయనక్కరలేదు. ఒక సెమిస్టర్‌లో ఒకటి సరిగా చేసి, మిగతావి ఎందుకు చేయలేదో చెప్పగలిగితే సరిపోతుంది.

కూర్చోబెట్టి మాట్లాడించడం

‘ఎలా తీసుకుంటున్నారు’ అన్న ప్రశ్నకు అంకెల కంటే మాటలే ఎక్కువ చెబుతాయి. డేవిడ్ మోర్లీ బ్రిటన్‌లో నేషన్‌వైడ్ అనే టీవీ కార్యక్రమాన్ని 29 బృందాలకు చూపించి మాట్లాడించిన అధ్యయనం 1980లో వెలువడింది. ఒకే కార్యక్రమాన్ని వేర్వేరు వర్గాలవారు వేర్వేరుగా అర్థం చేసుకోవడం అందులో కనిపించింది. అయితే ఆ బృందాలు టీవీ చూసింది తరగతి గదుల్లాంటి చోట్ల. ఇంట్లో ఎలా చూస్తారన్న ప్రశ్న మిగిలిపోయింది గనుక, తర్వాత ఆయన దక్షిణ లండన్‌లో 18 కుటుంబాల ఇళ్లకు వెళ్లి మాట్లాడారు. అది 1986లో వచ్చింది.

మన దగ్గర బృంద చర్చ పెట్టేటప్పుడు మామగారిని, కోడలిని ఒకే గుంపులో కూర్చోబెట్టకండి. మాట్లాడేది ఒక్కరే అవుతారు. వయసును బట్టి, స్త్రీ పురుషులను బట్టి విడదీయండి. ఇక్కడివారి తెలుగులో తమిళ మాటలు కలుస్తాయి. వారి మాటలను కాగితం మీదికి ఎక్కించేటప్పుడు వాటిని ‘శుద్ధి’ చేయకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, ఎందుకంటే ఏ విషయం దగ్గర మనిషి భాష మారిందన్నదే ఒక్కోసారి మీ పరిశోధనకు ముఖ్యమైన ఆధారం.

రాసేవారిని, అంటే విలేకరులను, డెస్కులోని ఉపసంపాదకులను ఇంటర్వ్యూ చేసినప్పుడు ‘వార్తను ఎలా ఎంచుకుంటారు?’ అని అడిగితే పాఠ్యపుస్తకమే వినిపిస్తుంది. నిన్నటి పేజీ బల్ల మీద పరిచి, ‘ఈ వార్త ఈ మూలకు ఎలా వచ్చింది?’ అని వేలు పెట్టి చూపించి అడగండి. ప్రెస్ నోటు ఆలస్యంగా రావడం, చివరి నిమిషంలో ప్రకటన వచ్చి కాలమ్ మింగేయడం లాంటి నిజమైన కారణాలు అప్పుడే బయటపడతాయి.

పాత పత్రికలు, కొత్త తెరలు

చరిత్ర మీద పరిశోధించేవారికి చెన్నై పెన్నిధి. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక అయింది. ఆంధ్రప్రభ 1938లో ఇక్కడే మొదలైంది. 1896లో తెరుచుకున్న ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం దేశంలో ప్రచురణలు జమచేసే జాతీయ గ్రంథాలయాల్లో ఒకటి. పాత పత్రిక బలమేమిటంటే, మీరొచ్చి అడుగుతారని తెలియకముందే అది మాట్లాడింది. బలహీనత, ఏ సంచికలు మిగలాలో చెదపురుగులు నిర్ణయించాయి. డిజిటల్ ప్రతుల్లో వెదికేవారు ‘చెన్నై’ అని ఒక్క మాట కొట్టి ఆగిపోకూడదు. నగరానికి అధికారికంగా ఆ పేరు 1996లో వచ్చింది. పాత పత్రికల్లో చెన్నపట్టణం, చెన్నపురి, మదరాసు, మద్రాసు అని రకరకాలుగా ఉంటుంది. పైగా పాత అచ్చులోని అరసున్నలను, బండి ఱ-ను యంత్రం తప్పుగా చదవవచ్చు కాబట్టి కొన్ని సంచికలను కళ్లతో తిరగేసి, వెదుకులాటలో ఎంత జారిపోతోందో చూసుకోవాలి.

టీవీ రేటింగుల గురించి ఒక్క మాట చాలు: టీవీ ఏ ఛానెల్ మీద ఉందో మీటరు చెబుతుంది, చూస్తున్నవారు నమ్మారో లేదో చెప్పదు. వార్తా ఛానెళ్ల రేటింగులను, వాటిని లెక్కగట్టే సంస్థ బార్క్ 2020 అక్టోబరులో ఆపి 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టింది కాబట్టి, ఆ కాలం మీద థీసిస్ కట్టదలచినవారికి మధ్యలో గొయ్యి ఉంటుంది.

సామాజిక మాధ్యమాల్లో సమాచారం కుప్పలుగా కనిపిస్తుంది గానీ తాళంచెవి కంపెనీల చేతిలో ఉంది. ట్విటర్ 2023లో పరిశోధకుల ఉచిత ప్రవేశాన్ని మూసింది. ఫేస్‌బుక్ యజమాని మెటా, అక్కడి పోస్టులు ఎంత వ్యాపించాయో చూపే క్రౌడ్‌టాంగిల్‌ అనే సాధనాన్ని 2024 ఆగస్టులో ఆపేసింది. ఆ పైన మనవారు కామెంట్లను సగం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా రాస్తారు. ఒకే మాటకు నాలుగు స్పెల్లింగులుంటాయి, ‘బాగుంది సార్ మీ పాలన’ అన్నదాన్ని యంత్రం మెప్పుగా లెక్కగడుతుంది. కనీసం 200 కామెంట్లను మీరే చదివి, యంత్రం ఇచ్చిన తీర్పుతో పోల్చకుండా ఆ గ్రాఫులను వాడకండి. మూసిన వాట్సాప్ గ్రూపుల్లోని మాటలను సభ్యుల అనుమతి లేకుండా ఎత్తి రాయడం పద్ధతి కాదు. పేర్లు తీసేసినా కాదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఎర్రకలం తీసుకొని, నిర్ధారణల అధ్యాయంలోని ప్రతి వాక్యం పక్కనా రా, రాసే, చది అన్న గుర్తుల్లో ఒకటి వేయండి: ఆ వాక్యం రాత గురించా, రాసేవారి గురించా, చదివేవారి గురించా అన్నది తేలుతుంది. తర్వాత సమాచారం సేకరించిన అధ్యాయానికి కూడా అవే గుర్తులు వేయండి. మొదటి దానిలో ఉండి రెండో దానిలో లేని గుర్తు ఎక్కడ కనిపిస్తే ఆ వాక్యాన్ని కొట్టేయండి, లేదా తర్వాతివారు చేయవలసిన పని కింద ‘పరిమితులు’ అన్న భాగానికి మార్చండి. గైడుకు చూపించవలసింది ఆ తర్వాతే.