తెల్లారేసరికి గట్టు మీద ఉండాలి

చిత్తడి నేలల్లో పిట్టలు చూడాలంటే తెల్లారాక బయల్దేరితే లాభం లేదు, తెల్లారేసరికి అక్కడ కూర్చుని ఉండాలి. వెలుతురులో నడుచుకుంటూ వెళ్తే గట్టున ఉన్నవన్నీ మనల్ని ముందే చూసి లేచిపోతాయి. చీకట్లోనే వెళ్లి కదలకుండా కూర్చుంటే అవే మేసుకుంటూ మన వైపు వస్తాయి.

కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోండి. సూర్యోదయం ఎన్నింటికో ముందు రోజే చూసి, దానికి 40 నిమిషాల ముందు చోటులో ఉండేలా ప్రయాణం, నడక అన్నీ తీసేసి అలారం పెట్టండి. ఫోన్ మాత్రం మంచానికి దూరంగా ఉండాలి, చెయ్యి అందితే స్నూజ్ నొక్కేస్తాం, నా సంగతి నాకు తెలుసు. బట్టలు, బూట్లు, నీళ్లు, బైనాక్యులర్ రాత్రే సర్దేయండి.

పగలు ఒకసారి వెళ్లి చోటు చూసుకోవడం మాత్రం మానొద్దు. పైన గడ్డి ఉండి కింద మోకాలి లోతు దిగిపోయే బురద చీకట్లో కనపడదు. ఇంకోటి, ఎండ వచ్చే దిక్కు. మొదటిసారి నేను పడమటి గట్టున మంచి చోటు దొరికిందని మురిసిపోయాను, తీరా సూర్యుడు లేచాక ఎదురెండకి నీళ్లు తళతళలాడిపోయి పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా కనిపించాయి. తూర్పు గట్టున కూర్చుని పడమటికి చూడాలి, అప్పుడే ఎండ మన వీపున, రంగు పిట్ట మీద.

బైనాక్యులర్ 8×42 రకం చాలు. 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25, అంటే కంటి దగ్గర పడే వెలుతురు చుక్క వెడల్పు అంత. జేబులో పట్టే 10×25కి అది 2.5 మాత్రమే, మధ్యాహ్నం తేడా తెలీదు గానీ మసక చీకట్లో బాగా తెలుస్తుంది. ఏసీలోంచి బయటికి తీయగానే అద్దాల మీద ఆవిరి పడుతుంది, చొక్కాతో తుడిచేయకుండా కాసేపు అలా వదిలేయండి, అదే పోతుంది. దారికి ఎర్ర లైటు వాడండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెల్ల లైటు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కూర్చున్నాక మొదట చెవులతోనే పని. జమ్ములోంచి నీటికోళ్ల అరుపులు, నెత్తి మీద ఎక్కడో ‘క్వాక్’ అని ఒక్క మోటు అరుపు, అది రాత్రంతా వేటాడి చెట్టుకి తిరిగెళ్తున్న రాత్రి కొంగ. ఈ సమయంలో రంగుల కోసం వెతక్కండి, ఆకారం చూడండి. మెడ మడుచుకుని నిదానంగా రెక్కలాడిస్తూ పోతే కొంగ, మెడ ముందుకి చాచి పోతే స్టార్క్ (లావు ముక్కున్న పెద్ద పిట్ట) గానీ ఐబిస్ (కిందికి వంగిన పొడుగు ముక్కు పిట్ట) గానీ. నీళ్ల మీంచి ఉన్నపళంగా పైకి లేస్తే అది పైపైన మేసే బాతు. కూట్ అనే నీటిపిట్ట అలా లేవలేదు పాపం. నల్ల ఒళ్లు, తెల్ల నుదురు పెట్టుకుని నీళ్ల మీద టపటపా కాళ్లు కొట్టుకుంటూ చాలా దూరం పరిగెత్తి, ఇక లేవదేమో అనుకునేసరికి ఎలాగో గాల్లోకి లేస్తుంది. నేను ఎన్నిసార్లు చూశానో, ఇప్పటికీ నవ్వొస్తుంది.

తీతువు మీ నెత్తి మీదే తిరుగుతూ గోల పెడుతుంటే దాని గుడ్లో పిల్లలో దగ్గర్లో ఉన్నట్టే. ఫొటో సంగతి వదిలేసి వచ్చిన దారినే వెనక్కి రండి, అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకుంటూ, ఎందుకంటే గుడ్లు నేల మీదే, మట్టి రంగులోనే ఉంటాయి. ఫోన్‌లో పిట్టల కూతలు పెట్టి పిలవడం కూడా వద్దు.

ఎండెక్కి నీళ్ల మీద గాలి అలలు అలలుగా కనపడటం మొదలైతే ఇక దూరపు పిట్టలు సరిగ్గా కనపడవు, సర్దుకోవచ్చు. అయితే ఒక్కసారిగా లేవకండి, మెల్లగా తల తిప్పి రెండు వైపులా చూడండి. మీరున్నారని తెలియని కొంగ ఒకటి పది అడుగుల దూరంలో చేప కోసం నిలబడి ఉండొచ్చు.