విశాఖ శివార్లలో ఇల్లు తీసుకుని అద్దె మిగుల్చుకోవడం ఎలా?

ద్వారకానగర్, సిరిపురం చుట్టుపక్కల ఇచ్చే అద్దెకి పెందుర్తి, ఆనందపురం వైపు ఇంకో గది ఎక్కువే వస్తుంది. కానీ దూరం వెళ్లినంత మాత్రాన డబ్బు మిగలదు. బస్‌స్టాపు నుంచి ఇంటికి ఎంత దూరమన్నదే అసలు సంగతి.

1. మీ పనికి వెళ్లే రోడ్డు పట్టుకునే వెతకండి. మద్దిలపాలెం వైపు ఉద్యోగమైతే కొమ్మాది, ఆనందపురం, తగరపువలస. స్టీల్‌ప్లాంట్ వైపు అయితే కూర్మన్నపాలెం, దువ్వాడ. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరైతే వేపగుంట, పెందుర్తి. గాజువాకలో పని పెట్టుకుని కొమ్మాదిలో దిగితే రోజూ ఊరంతా దాటాల్సిందే.

2. కాగితం మీద లెక్క వేయండి. సిటీలో అద్దె 14 వేలు, శివారులో 8 వేలు అనుకుందాం. తేడా 6 వేలు. బస్సుకి రానూపోనూ 60, స్టాపు నుంచి ఇంటికి ఆటోకి 40 అయితే, 26 రోజులకి ఒక మనిషికి 2,600. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తే మిగిలేది 800 రూపాయలే! అయితే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లయితే ఇంకో 1,560 కలుస్తుంది. ఇల్లు స్టాపుకి నడిచేంత దూరంలో ఉంటే ఆటో ఖర్చు కూడా పోతుంది.

3. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున్న, ఒక రాత్రి ఆ దారిలో వెళ్లి చూడండి. దయచేసి ఇది మాత్రం మానకండి. మేము పెందుర్తి దగ్గర ఇల్లు ఆదివారం మధ్యాహ్నం చూసి, రోడ్డు ఖాళీగా ఉందని మురిసిపోయి డబ్బు కట్టేశాం. మొదటి వారంలోనే రాత్రి తొమ్మిదిన్నరకి బస్సు దిగితే ఒక్క ఆటో లేదు. వాన పడి మట్టిరోడ్డంతా బురద. మా అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని, ఫోన్ లైటు వేసుకుని కిలోమీటరున్నర నడిచింది. ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే. ఆర్నెల్లకి ఖాళీ చేసి, అదే ఏరియాలో స్టాపుకి ఐదు నిమిషాల నడకలో, వెయ్యి ఎక్కువిచ్చి దిగాం. ఇప్పుడు ఆ వెయ్యి ఆటోల్లోనే మిగులుతోంది.

4. మీ పోర్షన్‌కి కరెంటు మీటరు విడిగా ఉందో లేదో చూడండి. అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకి రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించండి.

5. నీళ్ల సంగతి ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్లని అడగండి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి ఉందా, బోరేనా? కుళాయి తిప్పి గ్లాసుడు పట్టి నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే తాగే నీళ్లు రోజూ కొనాల్సిందే. మే నెలలో ట్యాంకర్ తెప్పించుకున్నారా అని కూడా అడగండి. తెప్పించుకున్నామంటే ఆ ఖర్చు కూడా పై లెక్కలో కలిపి, అప్పుడు అడ్వాన్స్ మాట ఎత్తండి.